రిటైరైన తొమ్మిదేండ్ల ముచ్చట: కాజీపేట నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి కుటుంబం ఒప్పుకుంది. పేర్లు రాయలేదు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను. ఆమెను ఇక్కడ ‘అమ్మ’ అనే రాస్తున్నాను, గదిలోనూ అలాగే పిలిచాను. ఆమె నన్ను ‘బిడ్డా’ అనేది, అప్పుడప్పుడు ‘డాక్టరమ్మా’ అనేది. డాక్టర్ని కాదని, మందులు రాయనని, క్లినికల్ సైకాలజిస్టునని మూడుసార్లు చెప్పి ఊరుకున్నాను.

ఎందుకు వచ్చారు

2023 సెప్టెంబరు మొదటి వారంలో కూతురు వెంటబెట్టుకుని వచ్చింది. అమ్మ వయసు 64. భర్త అదే ఏడాది మేలో పోయారు. పొద్దున వాకింగ్ నుంచి వచ్చి, ఛాతీలో మంటగా ఉందని వరండాలో కుర్చీలో కూర్చున్నారు. ఆటో వచ్చేలోపే అంతా అయిపోయింది. ఆయనకు 69. కాజీపేటలో రైలు డ్రైవరు, ఇప్పటి మాటలో లోకో పైలట్. 1977లో బొగ్గు ఇంజను మీద ఫైర్‌మన్‌గా చేరి, డీజిలు దాటి, కరెంటు ఇంజను మీద 2014లో రిటైరయ్యారు. కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. అతను వచ్చేదాకా రెండు రోజులు ఫ్రీజర్ బాక్సులో ఉంచారు. పదకొండో రోజు కాగానే అతను తిరుగు ప్రయాణం కట్టాల్సి వచ్చింది.

కూతురు చెప్పిన సమస్య ఒక్క ముక్కలో: “అమ్మకు రాత్రిపూట ఏదో వినిపిస్తోంది మేడమ్.”

రోజూ రెండు, రెండున్నర మధ్య లేస్తుంది. గేటు దాకా వెళ్లి వస్తుంది. ఒక రాత్రి వంటింట్లో లైటు వెలుగుతుంటే కూతురు వెళ్లి చూసింది. అమ్మ టిఫిన్ క్యారియరు గిన్నెలు విడదీసి కడుగుతోంది. ఏంటమ్మా అంటే “కాల్ బాయ్ వచ్చిండు” అంది. కూతురికి కాళ్లు వణికాయి. దగ్గర్లోని ఒక డాక్టరు ఆల్ప్రజోలం అనే మత్తు మాత్ర రాశారు. రెండు వారాలు వేసుకున్నాక అమ్మ బాత్రూం గడప దగ్గర తూలి పడింది. ఎముక విరగలేదు, మోచేయి కమిలింది. పెద్ద వయసువాళ్లకు ఈ రకం మాత్రలతో ఉండే ప్రమాదం ఇదే.

కాల్ బాయ్ అంటే ఎవరో రైల్వే ఇండ్లలో పుట్టనివాళ్లకు చెప్పాలి. కాజీపేట జంక్షను. ఢిల్లీ నుంచి చెన్నై పోయే లైనులో సికింద్రాబాద్ లైను వచ్చి కలిసే చోటు. ఇటు బల్లార్షా, అటు విజయవాడ, పక్కకు సికింద్రాబాద్. గూడ్సు బండి నడిపేవాళ్లకు ఇంత గంటకు డ్యూటీ అని ఉండదు, బండి ఎప్పుడు తయారైతే అప్పుడే. అందుకని రెండు గంటల ముందు ఒక మనిషి సైకిలు మీద వచ్చి, బెల్లు కొట్టి, కాల్ బుక్కులో డ్రైవరు సంతకం తీసుకుని పోయేవాడు. ఆ రెండు గంటల్లో ఇంట్లో ఇల్లాలు అన్నం వండి, క్యారియరు కట్టి, లైన్ బాక్సు (డ్రైవరు వెంట తీసుకెళ్లే సామాన్ల పెట్టె) సర్దాలి. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ సైకిళ్లు కనుమరుగయ్యాయి. బెల్లు మాత్రం అమ్మ చెవిలో ఉండిపోయింది.

మొదటి అంచనా

చూడాల్సినవన్నీ వరసగా చూశాను. రోజు, తేదీ, డబ్బు లెక్క, మనవళ్ల పేర్లు తడబడకుండా చెప్పింది. బీపీ, షుగరు, థైరాయిడ్ రిపోర్టులు తెప్పించాను. బీపీ కొంచెం ఎక్కువ, మిగతావి బాగున్నాయి. ఎవరో తనను వెంటాడుతున్నారన్న అనుమానాలు లేవు. “నిజంగా కాల్ బాయ్ వస్తున్నాడా అమ్మా?” అని అడిగితే, నన్ను జాలిగా చూసింది.

“ఆ పిలగాడు సచ్చిపోయి పదేండ్లాయె. ఇనబడ్డదని లేస్త బిడ్డా. లేసినంక యాదికొస్తది.”

ఇది పిచ్చి కాదు. 1971లో డెవీ రీస్ అనే వేల్స్ డాక్టరు, భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగితే, దాదాపు సగం మంది పోయినవాళ్లు పక్కనే ఉన్నట్టు అనిపించడమో, కనబడటమో, మాట వినబడటమో జరిగిందన్నారు. చాలామంది అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. అమ్మకు వినిపించింది భర్త గొంతు కాదు, ఆయన కోసం వచ్చే బెల్లు. తేడా అంతే. కూతురికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె చేసిన మొదటి పని, చున్నీతో ముఖం కప్పుకుని ఏడవడం. నాలుగు నెలలుగా తల్లికి మతి పోతోందని ఒక్కతే మోస్తోంది పాపం.

డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక పీహెచ్‌క్యూ-9లో 27కు 14 వచ్చింది, ఎంత ఎక్కువైతే అంత బాధ. నిద్ర, ఆకలి, నీరసం ప్రశ్నల్లోనే ఎక్కువ మార్కులు పడ్డాయి. చావు ఆలోచనల గురించి డొంకతిరుగుడు లేకుండా అడిగాను, ఎవరినైనా అలాగే అడగాలి. “పోవాల్నని లేదు. ఉండాల్నని గూడ లేదు” అంది. ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ప్రయత్నం గానీ ఆలోచన గానీ లేవని ఖాయం చేసుకున్నాను. మాత్రలు కూతురి దగ్గర పెట్టించాను. ఒక సైకియాట్రిస్టుకు చూపిస్తే ఆల్ప్రజోలం మెల్లగా తగ్గించి ఆపేశారు.

దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అని పేరు పెట్టవచ్చా? పెట్టలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా ఐసీడీ-11 ప్రకారం కనీసం 6 నెలలు గడవాలి, 2022లో వచ్చిన అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకం డీఎస్ఎం-5-టీఆర్ ప్రకారం పెద్దవాళ్లకు 12 నెలలు. ఇక్కడ నాలుగే. ఫైల్లో ‘గమనించాలి’ అని రాసుకున్నాను. కొడుకు మాత్రం అప్పటికే ఫోన్లో ‘దుఃఖానికి అయిదు దశలు’ అనే పట్టిక పంపి, అమ్మ ఇప్పుడు ఏ దశలో ఉందని అడిగాడు. 1969లో కూబ్లర్-రాస్ అనే సైకియాట్రిస్టు ఆ దశలను రాసింది తమ చావును తాము ఎదుర్కొంటున్న రోగులను చూసి. వెనక మిగిలినవాళ్లు ఆ మెట్లు వరసగా ఎక్కాలని ఎక్కడా లేదు. వాట్సాప్‌కు ఈ విషయం ఇంకా చేరినట్టు లేదు.

నేను దారి తప్పిన మూడు వారాలు

రెండో సెషన్ నుంచి నాలుగో సెషన్ దాకా నేను చేసింది తప్పు. వివరంగా రాస్తాను, ఎందుకంటే చదివేవాళ్లలో ఈ పని చేసేవాళ్లు ఉంటారు.

పోయిన మనిషిని తలుచుకోవడానికి ఫొటోలు తెమ్మనడం మామూలు పద్ధతి. తెమ్మన్నాను. తండ్రి సంవత్సరీకానికి ఆయన మీద ఒక పుస్తకం వేయించే పనిలో కొడుకు ఉన్నాడు, అందుకని అతన్ని వీడియో కాల్‌లో కూర్చోబెట్టాను. బాపు గురించి అతను బాగా మాట్లాడతాడు. ఫైర్‌మన్ బట్టల్లో బాపు, ఇంజను మెట్ల మీద బాపు, సేఫ్టీ అవార్డు అందుకుంటున్న బాపు, వరదలో బండి ఆపి రాత్రంతా ఇంజనులోనే కూర్చున్న బాపు. ప్రతి ఫొటోకూ ఒక కథ. నాకు ఉత్సాహంగా ఉంది, పని సాగుతోందనిపించింది. అమ్మ పక్కన కూర్చుని “అవును”, “గంతే” అంటోంది.

నోట్సు తిరగేస్తే తెలిసింది. రెండో సెషన్లో అమ్మ తనంతట తాను చెప్పిన మాటలు పన్నెండు వాక్యాలు. నాలుగో సెషన్లో మూడు. పీహెచ్‌క్యూ 16కు పెరిగింది.

పైగా నిద్ర కోసం నాకు తెలిసిన సలహాలన్నీ ఇచ్చాను. సాయంత్రం నాలుగు దాటాక చాయ్ వద్దన్నాను. రాత్రి మెలకువ వస్తే వంటింట్లోకి వెళ్లవద్దన్నాను. చెప్పినట్టే చేసింది, పాపం. ఆ సాయంత్రం చాయ్ ఏమిటో నేను అడగలేదు.

అయిదో సెషన్

ఆ రోజు కూతురికి వీలు కాలేదు. టెక్సాస్‌లో కొడుకు లైనులోకి రాలేదు. అమ్మ ఆటోలో ఒక్కతే వచ్చింది. ఫొటోల కవరు టేబుల్ మీద పెట్టి, విప్పలేదు.

“బిడ్డా, నువ్వు ఏమనుకోనంటే ఒకటి చెప్త. ముప్పై ఏడేండ్లు ఆయన రైలుకే ఇచ్చిండు. నాకిచ్చింది తొమ్మిదేండ్లు. ఆ తొమ్మిదేండ్ల ముచ్చట ఎవ్వలు అడుగుతలేరు.”

నేను కవరు తీసి లెక్కపెట్టాను. 61 ఫొటోలు. 2014 తర్వాతవి నాలుగు. రిటైర్మెంటు రోజు మెడలో దండతో ఒకటి, పెండ్లిళ్లలో రెండు, పింఛను కాగితాల కోసం ఇద్దరూ బిగుసుకుని దిగిన పాస్‌పోర్టు సైజు జాయింట్ ఫొటో ఒకటి. మేం మూడు వారాలు తలుచుకున్నది డ్రైవరుని. ఆమె పోగొట్టుకున్నది రిటైరైన మనిషిని.

ఆ రోజు గంటన్నర మాట్లాడింది. సర్వీసులో ఉన్నప్పుడు ఆయన ఇంట్లో ఉన్నా నిద్రలోనే ఉండేవారు. పిల్లలు గట్టిగా నవ్వితే “ఇంట్ల రైలు పండుకున్నది, సప్పుడు చెయ్యకున్రి” అని కసిరేదట. కొడుకు పుట్టిన రోజున ఆయన బల్లార్షా రన్నింగ్ రూములో (డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే చోటు) ఉన్నారు. దసరాలు, సంక్రాంతులు ఏ ఏడు కలిసొస్తే ఆ ఏడే. 2014లో లైన్ బాక్సు తెచ్చి మంచం కింద పెట్టాక అసలు కథ మొదలైంది.

“రిటైరైనంక ఆర్నెల్లు కొట్లాడినం. మొదాలు తెల్వదాయె, గీయన ఎట్లాంటి మనిషో.”

పెండ్లయిన ముప్పై ఏండ్లు దాటాక ఒక వారం వారమంతా కలిసి ఉండటం వాళ్లకు అదే మొదటిసారి. ఆయన వంటింటి డబ్బాల మీద పేర్లు రాసి అంటించారు. ఆమె పీకేసింది. మళ్లీ అంటించారు. ఏడో నెలలో ఆయన చాయ్ పెట్టడం నేర్చుకున్నారు. పొద్దున 5.10కి, సాయంత్రం 4.40కి. గ్లాసు ఆమె చేతికిచ్చి, గోడ గడియారం చూసి “రైట్ టైం” అనేవారు. ఒకరోజు పాలు విరిగి ఆలస్యమైతే, “పన్నెండు నిమిషాలు లేటు, కారణం పాలు” అని రిపోర్టు ఇచ్చారట.

నేను మాన్పించింది ఆ 4.40 చాయే. ఆయన పోయాక తనే పెట్టుకుని, వరండాలో కూర్చుని తాగుతోంది. ఆయనతో రోజులో మిగిలిన ఆ ఒక్కటీ నా సలహాతో పోయింది. తప్పయిందమ్మా అన్నాను. “నీకేమెరుక బిడ్డా” అంది.

సిగ్నళ్ల సంగతి కూడా ఆ రోజే చెప్పింది. ఇంజనులో డ్రైవరు, అసిస్టెంటు ప్రతి సిగ్నలునూ ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. ఒకరు “గ్రీన్” అంటే రెండోవారు చూసి “గ్రీన్” అనాలి. రిటైరయ్యాక సాయంత్రం ఇద్దరూ నడకకు వెళ్తే, హనుమకొండ చౌరస్తాలో లైటు దగ్గర ఆయన “రెడ్” అని ఆగేవారు. ఆమె బదులు చెప్పేదాకా కదిలేవారు కాదు. “బజార్ల అందరు సూస్తున్నరు, నడువు అంటె, అసిస్టెంటు మాట్లాడకుంటె బండి కదలదు అనేటోడు.” అని పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మా గదిలో ఆమె నవ్వడం అదే మొదలు.

పద్ధతి మార్చాక

1999లో స్ట్రోబె, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన నమూనా నాకు ఇక్కడ పనికొచ్చింది. దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపులకూ ఊగుతూ ఉంటాడు. ఒక వైపు పోయినవాళ్ల తలపు, ఇంకో వైపు వాళ్లు లేని రోజును నడిపించే పనులు. ఒకే వైపు నిలబెట్టేస్తే కష్టం. నేను తలపు వైపే తోశాను, అదీ తప్పు మనిషి తలపు వైపు.

ఫొటోలు పక్కన పెట్టి గడియారం తీసుకున్నాం. ఒక పెద్ద కాగితం మీద 24 గంటలు గీసి, మే నెలకు ముందు ఏ గంటకు ఎవరు ఏం చేసేవాళ్లో నింపమన్నాను. రాయడం కూతురు, చెప్పడం అమ్మ. పాలవాడి లెక్క, కరెంటు బిల్లు, గ్యాసు బుకింగు, బీపీ మాత్ర గుర్తు చేయడం, రాత్రి గేటు తాళం, అన్నీ ఆయన గడిలో పడ్డాయి. వంట తప్ప ఇల్లంతా ఆయనే నడిపారు. ఈమెకు ఏటీఎం నంబరు కూడా తెలియదు. కొడుక్కి ఇది కొత్త విషయం. అతని లెక్కలో ఇల్లు నడిపింది ఎప్పుడూ అమ్మే.

ఒక్కో వారం ఒక్కో గడి తీసుకున్నాం. ముందు 4.40 చాయ్ మళ్లీ పెట్టించాను. తర్వాత గేటు తాళం. బ్యాంకు పని మాత్రం నెల పట్టింది. పింఛను చివరి జీతంలో సగం ఉంటే, ఫ్యామిలీ పింఛను అదే జీతంలో నూటికి ముప్పై. మొదట్లో కొన్నేళ్లు ఇచ్చే ఎక్కువ రేటు, పోయినవారి వయసు 67 దాటితే వర్తించదు, ఆయనకు 69. ఆమె పేరు పీపీఓలో (పింఛను మంజూరు కాగితం) ముందే ఉండటం, ఖాతా జాయింటుగా ఉండటం వల్ల తిరగడం తగ్గింది. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నామన్న రుజువు, ఇవ్వాల్సిన సమయం వచ్చింది. దాన్ని వేలిముద్రతో ఇచ్చే జీవన్ ప్రమాణ్ పద్ధతి మొదలైంది 2014 నవంబరులో, ఆయన రిటైరైన ఏడే. ఏటా ఆయన వేలు పెట్టేవారు, ఈమె పక్కన నిలబడేది. ఈసారి వేలు పెట్టాల్సింది ఈమె. గిన్నెలు తోమిన వేళ్లు, ముద్ర పడలేదు. 2021 నుంచి ముఖం చూపించే వీలుంది కాబట్టి కూతురు ఇంట్లోనే ఫోను పట్టుకుని “కన్ను ఆర్పు అమ్మా” అంది.

“బతికున్ననని సర్కారుకు కన్ను కొట్టాల్నా?” అని అమ్మ అడిగిందట. కూతురు ఈ మాట చెప్పడానికే నాకు ఫోన్ చేసింది.

అక్టోబరు 14న పెత్రమాస వచ్చింది. ఎంగిలిపూల బతుకమ్మ కూడా అదే రోజు, వాడకట్టు అంతా పూల హడావిడి. పెద్దల పేరున అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. అమ్మ వాటి పక్కన చాయ్‌పత్త పాకెట్టు, అరకిలో చక్కెర పెట్టింది. అయ్యగారు ఏమీ అనకుండా సంచిలో వేసుకున్నారు. పోయినవాళ్లతో బంధం తెంచుకోనక్కర్లేదు, రూపం మార్చుకుంటే చాలని 1990ల నుంచి పుస్తకాల్లో చాలా రాస్తున్నారు. చదివినప్పుడల్లా నాకు మన పెత్రమాసే గుర్తొచ్చేది.

మే నెల ఆ పొద్దును కళ్లు మూసుకుని మళ్లీ చెప్పించడం రెండు సెషన్లలో చేశాం. కేథరిన్ షియర్ రూపొందించిన 16 సెషన్ల చికిత్సలో ఇదొక భాగం. మాటలు రికార్డు చేసి ఇంటి దగ్గర రోజూ వినమంటారు. అమ్మ ఒప్పుకోలేదు. “ఆ ముచ్చట చెప్పుడే ఎక్కువ, మల్ల ఇనుడు గూడనా?” నేను పట్టుబట్టలేదు. రెండో సారి చెప్పినప్పుడు ఒక కొత్త వివరం బయటపడింది. కుర్చీలో కూర్చుని ఆయన చాయ్ అడిగారు. రోజూ ఆయనే పెట్టేది, ఆ రోజు ఈమెను పెట్టమన్నారు. స్టవ్ వెలిగించి వచ్చేసరికి తల వాలిపోయి ఉంది. చాయ్‌కి పోకుండా పక్కనే ఉంటే బతికేవాడేమో అన్న ముల్లు ఇన్ని నెలలూ లోపల పెట్టుకుంది. డాక్టరు కాగితాలు ముందు పెట్టుకుని ఆ నిమిషాలను లెక్కగట్టాం. స్టవ్ దగ్గర ఆమె ఉన్నది మూడు నిమిషాలు. ముల్లు పూర్తిగా పోయిందని చెప్పలేను.

కొడుకు పుస్తకం

సంవత్సరీకానికి 40 పేజీల పుస్తకం డ్రాఫ్టు వచ్చింది. 2014 తర్వాతి జీవితం అరపేజీ. ‘విశ్రాంత జీవితాన్ని కుటుంబంతో ప్రశాంతంగా గడిపారు’ అని ఉంది. కూతురు చదివి వినిపిస్తే అమ్మ, “ప్రశాంతంగనా? డబ్బాల కోసం ఆర్నెల్లు కొట్లాడినం, అది రాయి” అంది.

కొడుకు ఒప్పుకోవడానికి టైము పట్టింది. బాపు ప్రాణంతో ఉండగా చివరిసారి చూడలేకపోయానన్న బాధ అతనిది. తనకు తెలిసిన బాపును చెక్కు చెదరకుండా అచ్చు వేయించుకోవాలనుకున్నాడు. అతన్ని పేషెంటుగా తీసుకోలేదు, అక్కడి లైసెన్సు నాకు లేదు. తల్లి కేసులో భాగంగా మూడుసార్లు మాట్లాడి, అక్కడే ఎవరినైనా చూడమన్నాను. ఆఖరికి ఫోన్లో తల్లి మాటలు రికార్డు చేసుకున్నాడు. అరపేజీ తొమ్మిది పేజీలైంది. భాషను ‘సరిదిద్దుతాను’ అంటే అమ్మ ఒప్పుకోలేదు, ఎట్ల మాట్లాడిన్నో అట్లనే ఉండాలంది. తొమ్మిదేళ్లకు తొమ్మిది పేజీలు కావడం యాదృచ్ఛికం. ప్రెస్సువాళ్లు అక్షరాల సైజు తగ్గించకపోతే పది దాటేది.

ఎంత మారింది

2024 జనవరికి పీహెచ్‌క్యూ 6. సంవత్సరీకం అయ్యాక దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత లక్షణాలు మళ్లీ ఒక్కొక్కటే చూశాను, నిర్ధారణకు సరిపోలేదు. పక్కింటావిడతో సాయంత్రం నడకకు వెళ్తోంది. రాత్రి మెలకువ వారానికి ఒకటి రెండుసార్లు ఉంది. దాన్ని కూడా పోగొట్టే ప్రయత్నం చేద్దామా అని అడిగితే “ఉండనీ, అదేమన్నా అన్నం అడుగుతాందా?” అంది. ఇక వదిలేశాను.

నేను ఏమీ చేయకపోయినా ఏడాదికి ఇంతే కుదుటపడేదా? ఒక్క కేసుతో చెప్పలేం. చాలామంది కుదుటపడతారు. ఆ మూడు వారాలు నేను పెంచిన భారం మాత్రం నాదే. ఇప్పుడు నా ఫారంలో ఉద్యోగం, హోదా గడుల కింద ఇంకో గడి చేర్చాను: రిటైరయ్యాక రోజు ఎలా గడిచేది, గంటల వారీగా.

2025 సంక్రాంతికి అమ్మ ఫోన్ చేసింది. సకినాలు చేసింది, వచ్చి తీసుకుపొమ్మంది. ఆయనకు ఇష్టమా అని అడిగాను.

“ఇష్టమే గని, ఆఖరికి పండ్లు లేకపాయె. చాయ్ల నానబెట్టుకొని తినేటోడు. అడుగుకు పొడి మిగిలేది. అది గూడ చెంచతోని గీకి తినేటోడు, ఎవ్వలు సూస్తలేరని.”